సిరంజిలో గాలి, సిరంజిలో నీళ్లు: ఘన, ద్రవ, వాయు పదార్థాల తేడా

నమస్తే. ఈ వీడియో చూస్తూ మీరూ చేయాలంటే మందుల షాపులో ఒక 10 మి.లీ. సిరంజి కొనుక్కోండి. సూది తీసేయమని చెప్పండి, దానితో మనకి పని లేదు.

ముందు ఒక చిన్న విషయం. 'ఘనపరిమాణం' అన్న మాటలో 'ఘన' ఉంది కదా అని, అది ఘన పదార్థాలకే ఉంటుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. కాదు. ఒక పదార్థం ఎంత చోటు ఆక్రమిస్తుందో అదే దాని ఘనపరిమాణం. నీళ్లకీ ఉంటుంది, గాలికీ ఉంటుంది.

ఇదిగో గోలీ. గ్లాసులో వేసినా, పళ్లెంలో పెట్టినా గోలీ గుండ్రంగానే ఉంది. దాని ఆకారం మారదు, ఘనపరిమాణమూ మారదు. లోపలి కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, ఉన్నచోటే కంపిస్తుంటాయి.

ఇప్పుడు నీళ్లు. గీతలున్న ఈ కొలపాత్రలో 200 మి.లీ. తీసుకున్నాను. చెంబులో పోశాను, తర్వాత వెడల్పాటి గిన్నెలో పోశాను. గిన్నెలో తగ్గిపోయినట్టు కనిపిస్తున్నాయి కదా? మళ్లీ కొలపాత్రలోకి వంచుతున్నా. గిన్నెకి అంటుకున్న నాలుగు చుక్కలు పోతే, 200 దగ్గరే ఉన్నాయి. ఆకారం గిన్నెని బట్టి మారింది, ఘనపరిమాణం మారలేదు.

ఇక సిరంజి తీయండి. ముందు నీళ్లు నింపుదాం. లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు, తలకిందులు చేసి వేలితో తట్టి, గాలి బయటికి నెట్టేయండి. ఇప్పుడు మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, పిస్టన్‌ని నొక్కండి. కదలట్లేదు. నా వేలి గోరు తెల్లబడింది చూడండి, అయినా కదలట్లేదు.

నీళ్లు తీసేసి, 10 గీత దాకా గాలి లాగాను. మళ్లీ మూతి మూసి నొక్కుతున్నా. 9... 7... 5 దాకా వచ్చేసింది! వదిలేస్తే వెనక్కి తన్నింది. ఈ ప్రయోగం నాకు ఎన్నిసార్లు చేసినా తనివి తీరదు. కంటికి కనపడని గాలి మన వేలిని వెనక్కి నెడుతోందంటే, అదీ పదార్థమే అని నమ్మకం కుదురుతుంది. వాయువుల్లో కణాల మధ్య ఖాళీ చాలా ఎక్కువ. అందుకే నొక్కితే దగ్గరవుతాయి, వదిలితే దొరికిన చోటంతా నిండుతాయి. వాటికి సొంత ఆకారం లేదు, స్థిరమైన ఘనపరిమాణమూ లేదు.

సీఎన్జీ ఆటోల్లో జరిగేది ఇదే. మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్ల పీడనంతో వాయువుని సిలిండర్‌లోకి కుక్కుతారు. వంటింటి సిలిండర్‌ని మాత్రం దీనితో కలపకండి. అందులో 14.2 కిలోల గ్యాస్ చాలావరకు ద్రవంగానే ఉంటుంది. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి వాయువవుతుంది.

ఒక డౌట్ తప్పకుండా వస్తుంది: పంచదార కూడా డబ్బా ఆకారంలోకి సర్దుకుంటుంది కదా, మరి ద్రవమా? పళ్లెంలో పోయండి. కుప్పగా నిలబడింది, నీళ్లు అలా నిలబడవు. ఒక్క పలుకు తీసి భూతద్దంలో చూడండి. అంచులు, మూలలు ఉన్న చిన్న రాయిలా ఉంటుంది. డబ్బా మార్చినా ఆ పలుకు ఆకారం మారదు. కాబట్టి పంచదార ఘన పదార్థమే.

మరి స్పాంజి ఘన పదార్థమే కదా, నొక్కితే ఎందుకు కుంచించుకుపోతుంది? పొడి స్పాంజిని నీళ్లలో పూర్తిగా ముంచి, అక్కడే నొక్కండి. పైకి వచ్చే బుడగల్ని చూసి, జవాబు కామెంట్లలో రాయండి.