ఒక క్రియ పక్కన ఇంకో క్రియ

శ్రోతలందరికీ నమస్కారం.

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన తెలుగువాళ్ళకి ఇంగ్లీషు మాటలకు లోటు లేదు. పొద్దున లేస్తే మెయిళ్ళు, మీటింగులు, కాల్సు. చిక్కంతా ఒక క్రియ పక్కకి ఇంకో క్రియ వచ్చి చేరినప్పుడే. మధ్యలో "టు" పెట్టాలా, రెండోదానికి "ఇంగ్" తగిలించాలా, ఏమీ లేకుండా వదిలేయాలా? ఇవాళ ఆ సంగతి చూద్దాం.

"కూరగాయలు కొనడానికి మార్కెట్‌కి వెళ్ళాను" అంటాం. ఆ "కొనడానికి"లో ఉన్న "కి"ని పట్టుకుని "ఐ వెంట్ టు ద మార్కెట్ ఫర్ బయింగ్ వెజిటబుల్స్" అనేస్తాం. మనిషి ఏ ఉద్దేశంతో వెళ్ళాడో చెప్పేటప్పుడు ఇంగ్లీషులో "టు బై వెజిటబుల్స్" అనాలి. "ఫర్" పెట్టి తీరాలనుకుంటే దాని వెనక వస్తువు పేరు ఒక్కటే చాలు: "ఐ వెంట్ ఫర్ వెజిటబుల్స్". "ఫర్" తరవాత "ఇంగ్" వచ్చే చోటూ ఉంది. ఒక వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు "దిస్ నైఫ్ ఈజ్ ఫర్ కటింగ్ ఫ్రూట్" అనడం శుభ్రమైన ఇంగ్లీషే.

ఈ తప్పు బెంగళూరులో ఏళ్ళ తరబడి బయటపడదు. పక్క సీట్లో ఉన్న కన్నడ స్నేహితుడికి "మాడోకె" ఉంది, తమిళ స్నేహితురాలికి "సెయ్యరదుక్కు" ఉంది. రెండూ మన "చేయడానికి" లాంటివే. అందరూ ఒకే అచ్చులో వాక్యం పోస్తుంటే తప్పని చెప్పేవాళ్ళెవరు?

ఇక "వాంట్". "వాడు రేపు రావాలి" అని మనసులో అనుకుని "ఐ వాంట్ దట్ హి షుడ్ కమ్" అంటాం. ఇంగ్లీషులో అది "ఐ వాంట్ హిమ్ టు కమ్". రావలసింది వాడే అయినా "హి" కాదు, "హిమ్". ఆస్క్, టెల్, ఎక్స్‌పెక్ట్, అలౌ, రిమైండ్, రిక్వెస్ట్, అడ్వైజ్ కూడా ఇదే దారి: ముందు క్రియ, తరవాత మనిషి, ఆ తరవాత "టు". మన "రమ్మన్నాడు" అంటే "హి టోల్డ్ మి టు కమ్". "రావద్దన్నాడు" అంటే "హి టోల్డ్ మి నాట్ టు కమ్". "హి టోల్డ్ మి డోంట్ కమ్" అని రాయకండి. "హి సెడ్ మి టు కమ్" అసలే కుదరదు, ఎందుకంటే "సే" పక్కన మనిషిని అలా నేరుగా నిలబెట్టలేం.

ఆఫీసు మెయిళ్ళలో ఎక్కువగా దెబ్బతినేది "సజెస్ట్" దగ్గర. "మై మేనేజర్ సజెస్టెడ్ మి టు టేక్ లీవ్" అన్న వాక్యం చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ తప్పు. "సజెస్టెడ్ దట్ ఐ టేక్ లీవ్" అనాలి, లేదా "సజెస్టెడ్ టేకింగ్ లీవ్" అనాలి. దాదాపు అదే అర్థం ఉన్న "అడ్వైజ్" మాత్రం "అడ్వైజ్డ్ మి టు టేక్ లీవ్" అంటే హాయిగా ఒప్పుకుంటుంది. అర్థం ఒకటైనంత మాత్రాన వాడుక ఒకటి కాదు. వెనక ఏం రావాలన్నది ప్రతి క్రియకీ విడిగా ఉంటుంది. అందుకే క్రియని ఒంటరిగా నేర్చుకోవడం వృథా అని నా నమ్మకం.

మనకి నిజంగా కష్టం కలిగించేది "చేయించడం". తెలుగులో "ఇంచు" ఒక్కటి తగిలిస్తే పనైపోతుంది: చేయించాను, రాయించాను, కట్టించాను. మెకానిక్ చేత బండి బాగుచేయించి, సోమవారం ఆఫీసుకొచ్చి "ఐ రిపేర్డ్ మై బైక్" అంటాం. విన్నవాళ్ళు మనమే స్పానర్ పట్టుకుని కూర్చున్నామనుకుంటారు. "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్" అంటే సరిపోతుంది. మెకానిక్‌ని కూడా వాక్యంలోకి తేవాలంటే రెండు దారులున్నాయి. "ఐ హ్యాడ్ ద మెకానిక్ రిపేర్ ఇట్" అంటే మామూలుగా పని అప్పగించి చేయించుకున్నామని. ఇక్కడ "రిపేర్" ముందు "టు" లేదు. "ఐ గాట్ ద మెకానిక్ టు రిపేర్ ఇట్" అంటే కొంచెం బతిమాలో, నచ్చజెప్పో చేయించామన్న ఛాయ వస్తుంది. ఇక్కడ "టు" ఉండాల్సిందే. బలవంతంగా చేయిస్తే "మేక్": "దె మేడ్ మి వెయిట్". మళ్ళీ "టు" లేదు. కానీ అదే వాక్యాన్ని తిప్పి నా వైపు నుంచి చెబితే "ఐ వాజ్ మేడ్ టు వెయిట్", అప్పుడు "టు" తిరిగొస్తుంది. "పోనివ్వు, చెప్పనివ్వు" అనే చోట "లెట్": "లెట్ హిమ్ గో". "లెట్ హిమ్ టు గో" అని ఎప్పుడూ రాదు. అదే అర్థానికి "అలౌ" వాడితే మాత్రం "అలౌ హిమ్ టు గో". "హెల్ప్" ఒక్కటే ఉదారంగా ఉంటుంది. "హెల్ప్ మి ఫైండ్" అన్నా సరే, "హెల్ప్ మి టు ఫైండ్" అన్నా సరే.

"టు"కీ "ఇంగ్"కీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. ఇంకా జరగని పనికి "టు", జరిగినదానికీ జరుగుతున్నదానికీ "ఇంగ్" అని ఒక సూత్రం చెబుతారు. కొన్ని చోట్ల అది చక్కగా పనిచేస్తుంది. "రిమెంబర్ టు లాక్ ద డోర్" అంటే తాళం వేయడం మరిచిపోకు అని. "ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్" అంటే వేసినట్టు గుర్తుంది అని. "హి స్టాప్డ్ టు టాక్" అంటే మాట్లాడటానికి ఆగాడు, "హి స్టాప్డ్ టాకింగ్" అంటే మాటలు ఆపేశాడు. కానీ "అవాయిడ్" చూడండి. జరగబోయే పనిని తప్పించుకోవడమే కదా, అయినా "అవాయిడ్ మీటింగ్ హిమ్" అనే అనాలి. "మేనేజ్" జరిగిపోయిన పనికీ "ఐ మేనేజ్డ్ టు ఫినిష్" అనే అంటుంది. సూత్రాన్ని ఊతంగా వాడుకోండి, పూర్తిగా దానిమీదే వాలిపోకండి.

ఇంకో గుంట ఉంది. "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ" అన్నచోట "టు" కనిపించగానే "హియర్" అని రాసేస్తాం. ఈ "టు" వేరు. దాని తరవాత వస్తువు పేరు పెట్టి చూడండి: "లుక్ ఫార్వర్డ్ టు ద మీటింగ్". అలా నిలబడితే ఆ "టు" తరవాత క్రియకి "ఇంగ్" రావాలి. "ఐ యామ్ యూజ్డ్ టు ద ట్రాఫిక్" కుదురుతుంది కాబట్టి "ఐ యామ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ". "యామ్" లేని "ఐ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ" అంటే ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు లేదని.

చెవితో నేర్చుకునేవాళ్ళకి ఇంకో ఇబ్బంది. మాటల్లో "టు" గట్టిగా వినిపించదు. "వాంట్ టు" కలిసిపోయి "వానా" అవుతుంది, "హ్యావ్ టు" "హాఫ్టు" అవుతుంది. వినిపించలేదు కదా అని రాతలో వదిలేస్తే వాక్యం కుంటుతుంది.

ఈ బాధ మనకొక్కరికే లేదు. ఇంగ్లండు నుంచి 1924లో జపాన్‌కి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళిన ఎ. ఎస్. హార్న్‌బీ అక్కడి విద్యార్థుల దగ్గర ఇలాంటి ఇబ్బందులే చూశారు. సహచరులతో కలిసి ఆయన తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ప్రతి క్రియ వెనక ఏ నిర్మాణం రావచ్చో అందులో గుర్తులతో చూపించారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని మళ్ళీ వేశారు. ఇప్పుడు ఫోన్లో ఉచితంగా దొరికే లర్నర్స్ డిక్షనరీలు ఆ దారిలో వచ్చినవే.

వాటిలో అర్థం చూసి మూసేయకండి. క్రియ పక్కన ముద్దక్షరాల్లో "టు డు సమ్‌థింగ్", "సమ్‌బడీ టు డు సమ్‌థింగ్", "డూయింగ్ సమ్‌థింగ్" అని ఉంటుంది, మనకి కావలసింది అదే. నోట్‌బుక్‌లో "అవాయిడ్ అంటే తప్పించుకొను" అని రాసుకునే బదులు "ఐ అవాయిడ్ టేకింగ్ ద సిల్క్ బోర్డ్ రోడ్ ఆఫ్టర్ సిక్స్" అని మీ రోజులోంచే ఒక పూర్తి వాక్యం రాసుకోండి. వారానికి ఒకసారి, మీరు పంపిన మెయిళ్ళలో ఓ ఐదు తీసి, రెండు క్రియలు కలిసిన ప్రతిచోటా గీత గీసి, మొదటి క్రియని డిక్షనరీలో చూడండి. "సజెస్ట్", "రిక్వెస్ట్", "లెట్", "లుక్ ఫార్వర్డ్ టు", ఈ నాలుగింటితో మొదలుపెట్టండి. ఆఫీసు మెయిళ్ళలో తరచుగా తగిలేవి ఇవే.