శనివారం పొద్దున్న 30 నిమిషాల పేసర్ డ్యూటీ | లండన్ తెలుగు వ్లాగ్

అందరికీ నమస్కారం. ఈ వీడియో మా పెద్దమ్మ అడిగితే చేస్తున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా "సెలవు రోజు కూడా పొద్దున్నే లేచి ఎక్కడికి పోతావే? పరుగెత్తితే ఎవరైనా డబ్బులిస్తారా?" అని అడుగుతోంది. ఇవ్వరు పెద్దమ్మా, తీసుకోరు కూడా. నేను వెళ్లేది పార్క్‌రన్ అనే పరుగుకు. అక్కడ ఏం జరుగుతుందో ఇవాళ మొత్తం చూపిస్తాను. చూసేవాళ్లలో పరుగు అలవాటున్నవాళ్లకు ఇంకో మాట. నా రేసు టైమ్ తగ్గిందంటే నా ప్రాక్టీసు కొంత కారణం. పక్కవాళ్లను పరుగెత్తించడం అంతకంటే పెద్ద కారణం. ఈ మాట నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకో చెబుతాను.

బయట ఏడు డిగ్రీలు, సన్నగా తుంపర పడుతోంది. ఇంటి నుంచి పార్కుకు పది నిమిషాల నడక. నడుస్తూ మాట్లాడుతున్నాను కాబట్టి వీడియో కాస్త ఊగుతుంది.

పార్క్‌రన్ అంటే ఏంటో చెబుతాను. ఇంగ్లండ్‌లో ప్రతి శనివారం పొద్దున్న 9 గంటలకు వందలాది పార్కుల్లో ఒకేసారి మొదలవుతుంది. స్కాట్లండ్‌లో అయితే 9:30కి. దూరం ఐదు కిలోమీటర్లు. పరుగెత్తొచ్చు, నడవొచ్చు, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ నడవొచ్చు. చంటిపిల్లల బండి తోసుకుంటూ పరుగెత్తే తల్లిదండ్రులుంటారు, కుక్కను పట్టుకుని పరుగెత్తేవాళ్లుంటారు. వెబ్‌సైట్‌లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే మనకొక బార్‌కోడ్ ఇస్తారు. ఫినిష్ లైన్ దాటగానే నంబరున్న చిన్న టోకెన్ చేతిలో పెడతారు. టోకెన్, బార్‌కోడ్ రెండూ స్కాన్ చేయించుకుని ఇంటికి వెళ్లిపోవడమే. కాసేపటికి టైమ్ మెయిల్‌కు వస్తుంది. ప్రపంచంలో ఏ పార్క్‌రన్‌కు వెళ్లినా అదే బార్‌కోడ్ పనిచేస్తుంది.

దీనికి ఫీజు సున్నా. లండన్‌లో మామూలు పది కిలోమీటర్ల రేసుకు పేరు ఇవ్వాలంటే 30 నుంచి 40 పౌండ్లు అవుతుంది. పౌండుకు 115 రూపాయలు వేసుకున్నా దాదాపు 3,500 నుంచి 4,600. మెడలో వేసే పతకం, దారిలో నీళ్లు, టీషర్టు అన్నీ అందులోనే అనుకోండి. అయినా ఆ లెక్క వేసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. ఇక్కడ మాత్రం ప్రతి వారం ఉచితం, ఎందుకంటే నడిపేదంతా వాలంటీర్లే. స్టాప్‌వాచ్ పట్టుకునేవాళ్లు, టోకెన్లు ఇచ్చేవాళ్లు, స్కాన్ చేసేవాళ్లు, మలుపుల దగ్గర దారి చూపించే మార్షల్స్, అందరికంటే చివర నడిచే టెయిల్ వాకర్. టెయిల్ వాకర్ పని ఒక్కటే, అందరూ లైన్ దాటాక తను దాటడం. అందుకే పార్క్‌రన్‌లో మామూలు మనిషి ఎవరూ చివర రారు. ఈ ఏర్పాటు ఎవరికి తట్టిందో గానీ నాకు చాలా చాలా నచ్చుతుంది. చివర వస్తామేమోనన్న భయంతోనే ఎంతమంది ఇంటి గడప దాటరో కదా.

ఇవాళ నా డ్యూటీ పేసర్. వీపు మీద 30 అని పెద్ద అంకె ఉన్న వెస్ట్ వేసుకున్నాను, చూడండి. ముప్పై నిమిషాల్లో పూర్తి చేయాలనుకునేవాళ్లు నన్ను పట్టుకుని వస్తే చాలు, వాచీ చూసుకోనక్కర్లేదు. అంటే కిలోమీటరుకు సరిగ్గా ఆరు నిమిషాలు. ఐదున్నర కాదు, ఆరుంబావు కాదు.

మొదలయ్యేలోపు ఒకావిడ కలిశారు. చీర మీద స్వెటర్, కాళ్లకు స్పోర్ట్స్ షూస్. కొడుకు దగ్గరకు వచ్చారట, పొద్దున్నే వాకింగ్‌కని పార్కుకు వస్తే ఈ జనం కనిపించారట. నా నోట తెలుగు వినగానే దగ్గరకొచ్చారు.

"ఏమ్మా, నాలాంటివాళ్లు రావచ్చా? ఎంత కట్టాలి?"

"ఏమీ కట్టక్కర్లేదు ఆంటీ. నడవండి."

"ఊరికే ఎవరు పెడతారమ్మా ఇదంతా?"

టెయిల్ వాకర్‌ను పరిచయం చేసి, ఆవిడతో కలిసి నడవమని చెప్పాను. బార్‌కోడ్ లేకపోతే టైమ్ నమోదు కాదు, అంతకు మించి ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరికీ భాష కలవదు. అయినా స్టార్ట్ చెప్పేలోపే చేతులు ఊపుకుంటూ ఏదో మాట్లాడేసుకుంటున్నారు.

ఇక పరుగు. మొదటి అర కిలోమీటరు చూడండి, నా గుంపంతా నన్ను దాటి ముందుకు పోయింది. కాళ్లు తాజాగా ఉంటాయి, చుట్టూ జనం, ఆ ఊపులో ఎవరికైనా వేగం తెలియదు. నా వాచీ కిలోమీటరుకు 5:40 చూపిస్తోంది, అందుకే కావాలనే తగ్గించాను. పరుగులో అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఓపిక ఉన్నప్పుడు ఆగడం. మొదట్లోనే వేగం ఎక్కువైతే కండరాలకు అందాల్సిన ఆక్సిజన్ చాలదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్లు దాచుకున్న చక్కెరను ఆక్సిజన్ లేకుండానే వాడుకుంటుంది, దాంతో కండరాలు తొందరగా అలసిపోతాయి. దాని ఫలితం మూడో కిలోమీటరులో కాళ్లు బరువెక్కినప్పుడు తెలుస్తుంది. మొదట మిగుల్చుకున్న పది సెకన్లకు చివర నిమిషం చెల్లించాల్సి వస్తుంది.

రెండో కిలోమీటరుకు ముందుకు పోయినవాళ్లలో సగం మంది మళ్లీ నా పక్కకు వచ్చారు. నా ఎడమవైపు ఒకాయన, యాభై దాటి ఉంటాయి, నీలం టోపీ. ముప్పై లోపు రావాలన్నది ఆయన కోరిక అని మొదట్లోనే చెప్పాడు. మూడో కిలోమీటరులో చిన్న ఎత్తు ఉంది. అక్కడ ఆయన ఊపిరి మారడం విన్నాను. అప్పటిదాకా లయగా ఉన్నది ఒక్కసారిగా పైపైన తీసుకుంటున్నట్టు అయింది. భుజాలు చెవుల దాకా లేచాయి. "చేతులు ఒకసారి కిందకు వదిలేయండి, నా వెనక్కి రండి, ఎదురు గాలి నాకు తగలనివ్వండి" అని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఎత్తు మీద రెండు మూడు సెకన్లు పోయినా ఫర్వాలేదు, దిగేటప్పుడు వాటంతటవే వస్తాయి. ఎత్తులో చూసుకోవాల్సింది వాచీని కాదు, శ్రమని.

చివరి నాలుగు వందల మీటర్ల దగ్గర "ఇక వెళ్లండి" అన్నాను. వెళ్లాడు! పేసర్ దాటి ఎవరైనా ముందుకు పోతే పేసర్‌కు అంతకంటే సంతోషం లేదు. నేను 29:56కు లైన్ దాటేసరికి ఆయన టోకెన్ పట్టుకుని నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నాడు. ఏడుపో నవ్వో తెలియని మొహం. కెమెరా పెట్టొద్దన్నాడు, అందుకే మీకు ఆయన బూట్లే కనిపిస్తున్నాయి.

మరి నాకేం లాభమంటారా? ఈ వేగం నాకు సుఖంగా ఉంటుంది, వాక్యాలు వాక్యాలుగా మాట్లాడుతూ పరుగెత్తగలను. శరీరానికి పునాది వేసేది ఈ తేలిక పరుగే. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరిగేది, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరిగేది ఇలాంటి పరుగుల్లోనే ఎక్కువ. పెద్ద పెద్ద అథ్లెట్లు కూడా వారంలో ఎక్కువ దూరం మెల్లగానే పరుగెత్తుతారు. ఒంటరిగా ఉంటే ఆ నిదానం మనకు చేతకాదు, కాళ్లు గుంజుతూనే ఉంటాయి. వెనక పది మంది నమ్ముకుని వస్తున్నప్పుడు తప్పకుండా నిదానిస్తాం. దాంతో వాచీ చూడకుండానే "ఇది ఆరు, ఇది ఐదు యాభై" అని కాళ్లకు తెలిసిపోతుంది. మొన్న నా 10కే రేసులో మొదటి సగం 27:15, రెండో సగం 26:45. మొత్తం 54 నిమిషాలు. నా బెస్ట్ అదే! చివరి రెండు కిలోమీటర్లు మనుషుల్ని దాటుకుంటూ పోయాను. ఆ ఓర్పు ఈ వెస్ట్ నేర్పిందే.

మార్షల్ డ్యూటీ ఇంకో రకం చదువు. ఒక మలుపులో నిలబడితే వందల మంది మన కళ్ల ముందు నుంచి పోతారు. ముందున్నవాళ్ల పాదం ఒంటి కిందే పడుతుంది, చప్పుడు తక్కువ. అలసినవాళ్ల పాదం ముందుకు చాచి పడుతుంది, ప్రతి అడుగుకూ బ్రేకు వేసినట్టే. చేతులు ఛాతీకి అడ్డంగా ఊగుతుంటాయి. ఇవన్నీ పుస్తకంలో చదవడం వేరు, అరగంటపాటు చూడటం వేరు. మర్నాడు నేను పరుగెత్తేటప్పుడు నా చేతుల మీదకు నా దృష్టి దానంతటదే పోతుంది.

ఈ దేశంలో నాకు అన్నిటికంటే ముద్దొచ్చే సంగతి కూడా ఆ మలుపులోనే దొరికింది. పరుగెత్తేవాళ్లు ఆయాసపడుతూ, మాట రాక, అయినా సరే మనల్ని దాటేటప్పుడు "థాంక్యూ మార్షల్" అంటారు. ఒకరిద్దరు కాదు, వరసగా అంటూనే పోతారు. ఊపిరి అందనివాళ్లు బొటనవేలు ఎత్తి చూపిస్తారు. మనం చప్పట్లు కొడితే వాళ్లకు బలం వస్తుందనుకుంటాం కదా, వాళ్ల మాటకు చలిలో గంట నిలబడ్డ మనకు బలం వస్తుంది. వచ్చిన కొత్తలో శుక్రవారం సాయంత్రం ఆఫీసులో "బై" చెప్పాక సోమవారం దాకా మనిషితో మాట్లాడని వారాలున్నాయి నాకు. ఇప్పుడు శనివారం పొద్దున్న నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు పార్కు నిండా ఉన్నారు. సరే, దాని గురించి ఇంకెప్పుడైనా.

అదుగో, ఆంటీ వస్తున్నారు! గంట దాటింది. మొత్తం వాలంటీర్లందరూ వరసగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. టెయిల్ వాకర్ ఆగి ఆవిడను ముందు లైన్ దాటమన్నారు. "ఇంతమంది నా కోసమా తల్లీ?" అంటున్నారు ఆవిడ. అవును ఆంటీ, మీ కోసమే.

తర్వాత సరుకులు తెచ్చుకుని వంట చేయాలనుకున్నాను. ఆంటీ "ఇది ఎక్కడ మొదలైందమ్మా?" అని అడిగారు. దాంతో ఆ ప్లాన్ పోయింది. వాళ్లబ్బాయికి ఫోన్ చేసి చెప్పి ఇద్దరం 285 బస్సెక్కాం.  టెడింగ్టన్‌లో దిగితే బుషీ పార్క్. చూడండి, ఎంత పెద్ద కొమ్ములున్న జింకలో! వీటికి దూరంగా ఉండాలి, తిండి పెట్టకూడదు. వాటి ముందు చున్నీ ఆడిస్తున్న పిల్లల్ని ఆంటీ గదమాయించేశారు.

పార్క్‌రన్ మొదలైంది ఇక్కడే, 2004 అక్టోబర్ 2న 13 మంది పరుగెత్తారు. మొదలుపెట్టిన పాల్ సింటన్ హ్యూయిట్ ఆ రోజు పరుగెత్తలేదు, గాయమైంది. పరుగు లేకపోతే స్నేహితులు దూరమవుతారని, వాళ్లను పరుగెత్తించి టైమ్ చూద్దామని ఆలోచించాడు. ఫినిష్ టోకెన్లుగా మొదట్లో ఇనుప వాషర్లు వాడారట. ఇప్పుడు ఈ ఒక్క పార్కులోనే శనివారం వెయ్యి మందికి పైగా వస్తారు.

బస్సులో ఆంటీకి ఇంకో కథ కూడా చెప్పాను. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు, నాలుగు నిమిషాల లోపు అదే మొదటిసారి. ఆ రోజు ముందుండి లాగింది క్రిస్ బ్రాషర్, తర్వాత క్రిస్ చాటవే. పేసర్లను అందరూ మర్చిపోతారు గానీ వీళ్ల సంగతి చూడండి. చాటవే అదే ఏడాది అక్టోబర్‌లో 5000 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టాడు. బ్రాషర్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు దాటుతూ పరుగెత్తే రేసు) స్వర్ణం గెలిచాడు. అంతటితో ఆగకుండా జాన్ డిస్లీతో కలిసి 1981లో లండన్ మారథాన్ మొదలుపెట్టాడు. ఆ మొదటి మారథాన్‌లో డిక్ బేర్డ్‌స్లీ, ఇంగే సిమన్సెన్ చేతులు పట్టుకుని ఇద్దరూ ఒకేసారి లైన్ దాటారు. ముందు ఇంకొకరి కోసం పరుగెత్తి, తర్వాత తమ రేసులో గెలిచినవాళ్లు బ్రాషర్, చాటవే.

అలాగే చూపు లేని రన్నర్లకు గైడ్లుంటారు. చేతులకు చిన్న తాడు, అడుగు అడుగూ కలిపి పరుగు. "ఎడమకు మలుపు, చెట్టు వేరు ఉంది, రెండడుగుల్లో గుంట" అని నోరు ఆగదు. పారాలింపిక్స్‌లో గైడ్ ముందుగా లైన్ దాటకూడదు, గెలిస్తే పతకం ఇద్దరికీ ఇస్తారు. 2024 పారిస్‌లో మన సిమ్రన్ శర్మ 200 మీటర్ల కాంస్యం గెలిచినప్పుడు గైడ్ అభయ్ సింగ్ పక్కనే ఉన్నాడు. ఆ ట్రెయినింగ్ తీసుకోవాలని నాకు చాలా ఆశ. తీసుకున్నాక తప్పకుండా వీడియో పెడతాను.

ఇంటికొచ్చేసరికి మెయిల్ వచ్చింది, నా టైమ్ 29:56 అని. సాయంత్రం ఆంటీ కొడుకు మెసేజ్ పెట్టాడు, అమ్మ బార్‌కోడ్ ప్రింట్ తీయించుకుని లామినేషన్ చేయించమంటోందట. వచ్చే ఆదివారం నాకు 10కే రేసు ఉంది. రేసు ముందు రోజు కాళ్లకు విశ్రాంతి కావాలి, అలాగని కూర్చుంటే బిగుసుకుంటాయి. అందుకే వచ్చే శనివారం టెయిల్ వాకర్‌గా పేరిచ్చాను. ఐదు కిలోమీటర్లు ఆంటీతో మెల్లగా నడుస్తాను, మైకు ఆవిడకే ఇస్తాను.