మందుతో పాటు యోగా, పాట, పని

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఇంట్లో స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బు ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి చూసుకుంటున్నవాళ్లే. మీ నుంచి నేను ఎక్కువగా వినే ప్రశ్న ఒకటుంది. "మాత్రలు మానకుండా వేస్తున్నాం. చెవిలో మాటలు తగ్గాయి, అనుమానాలు పోయాయి. అయినా మావాడు మునుపటిలా లేడేంటండీ?" పొద్దున లేవడు, స్నానానికి నాలుగుసార్లు చెప్పాలి, చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాడు.

అది బద్ధకం కాదమ్మా. జబ్బులో అదీ ఒక భాగమే. లేని మాటలు వినిపించడాన్ని, అనుమానాలను మందులు బాగా తగ్గిస్తాయి. ఈ నిరాసక్తత మీద మాత్రం వాటి ప్రభావం తక్కువ. యోగా, సంగీతం, బొమ్మలు వేయడం, తోటపని లాంటివి అక్కరకొచ్చేది ఇక్కడే.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు 2007లో ప్రచురించిన ఒక పరిశోధన చూడండి. స్కిజోఫ్రీనియా ఉన్న 61 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు యోగా, ఇంకో జట్టుకు మామూలు వ్యాయామం నాలుగు నెలల పాటు పెట్టారు. రెండు జట్లూ కొంత తేరుకున్నాయి. యోగా జట్టు ఇంకాస్త ఎక్కువ తేరుకుంది. 61 మంది అంటే చిన్న లెక్కే, దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదు. కానీ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఆ రెండు జట్లలోనూ ఎవరి మందులూ ఆపలేదు. "మా దగ్గర యోగా చేస్తే మాత్రలు అక్కర్లేదు" అనే గురువు కనిపిస్తే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

ఇక గుడి, దర్గా సంగతి. మనలో చాలామంది ముందు వెళ్లేది అక్కడికే. వెళ్లొద్దని నేను అనను. ఆ నమ్మకం ఇంటిల్లిపాదికీ ధైర్యం ఇస్తుంది. గుజరాత్‌లో ఉనావా అనే ఊళ్లో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ 'దవా-దువా', అంటే మందూ ప్రార్థనా, అనే పేరుతో దర్గాలోనే మానసిక వైద్యులు కూర్చుంటారు. దువా చేసే ముజావర్లే రోగిని డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు అది. మన ప్రాంతంలోనూ జబ్బు మనుషులను తీసుకొచ్చి నిద్ర చేయించే క్షేత్రాలు, దర్గాలు ఉన్నాయి. అక్కడ వారానికి ఒక్కరోజైనా డాక్టర్ కూర్చుంటే ఎంతమందికి ఏళ్లు కలిసొస్తాయో!

అదే నమ్మకం గొలుసుగా మారితే ఏమవుతుందో తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. 2001 ఆగస్టు 6న అక్కడ మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. ఎవరైనా అలా చేస్తుంటే ఊరుకోవద్దు.

కొన్ని జాగ్రత్తలు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వేసుకునేవాళ్లు చప్పిడి పథ్యం, కటిక ఉపవాసం, బాగా చెమట పట్టే స్నానాలు డాక్టర్‌ని అడక్కుండా చేయకూడదు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. రోజుల తరబడి మౌనంగా కూర్చునే ధ్యాన శిబిరాలు సైకోసిస్, అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు, వచ్చినవాళ్లకు మంచివి కావు, కొందరికి జబ్బు తిరగబెట్టింది కూడా. తేలికపాటి ఆసనాలు, నడక చాలు. కొన్ని మందులతో బరువు, షుగర్ పెరుగుతాయి కాబట్టి నడక దానికీ మేలే.

ఏది మొదలుపెట్టినా, ఆయుర్వేదం మందైనా సరే, మీ డాక్టర్‌కి చెప్పండి. తిడతారని దాచకండి. రాత్రిపూట కంగారు పుడితే 14416 నంబరుకి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపేది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. వాడుతున్న మందుల చీటీ దగ్గరుంటే ముందుకు తీసుకురండి.