గిన్జా వీధిలో నూటికి ఒక్కరు

శ్రోతలకు నమస్కారం. మొదటి ప్రపంచయుద్ధానికీ రెండవదానికీ నడుమ జపాన్‌లో వెలువడిన పత్రికలను ఇప్పుడు తిరగేస్తే, టోక్యో స్త్రీలంతా జుట్టు మెడదాకా కత్తిరించుకొని, పొట్టి గౌను తొడుక్కొని, చెవులను కప్పే టోపీ పెట్టుకొని తిరిగేవారేమో అనిపిస్తుంది. ఆ స్త్రీని అక్కడివారు 'మోగా' అన్నారు, అంటే ఆధునిక యువతి. వ్యంగ్య చిత్రకారులు ఆమెను ఎగతాళి చేశారు, పెద్దమనుషులు పత్రికల్లో మందలించారు, సబ్బులూ పౌడర్లూ అమ్మేవారు ఆమె బొమ్మను నెత్తిన పెట్టుకున్నారు. ఇంతమంది నోళ్లలో నానిన ఈమె నిజంగా వీధిలో ఎంతమంది? ఈ ప్రశ్నకు మనం జవాబు ఊహించనక్కరలేదు, ఎందుకంటే ఒకాయన పనిగట్టుకొని వెళ్లి లెక్కపెట్టాడు.

ఆయన పేరు కోన్ వజిరో. 1888లో ఉత్తర జపాన్‌లోని హిరొసాకిలో పుట్టి, టోక్యోలో చిత్రకళ, రూపకల్పన చదివి, పల్లెల్లో తిరుగుతూ రైతుల ఇళ్లను బొమ్మలు గీసి పెట్టుకున్న మనిషి. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపం, దాని వెంట రేగిన మంటలు టోక్యోలో పెద్దభాగాన్ని బూడిద చేశాయి. ఆ బూడిదలోనే జనం రేకులతో, చెక్కలతో గుడిసెలు కట్టుకొంటుంటే ఈయన వాటినీ గీశాడు. నగరం మళ్లీ లేస్తున్నది, అన్నీ కొత్తవే వస్తున్నాయి, ఈ రోజును ఈ రోజే రాసిపెట్టుకోవాలి అన్న పట్టుదల ఆయనకు అక్కడే కలిగింది.

1925 వేసవి ఆరంభంలో కోన్ వజిరో, ఆయన మిత్రుడు యోషిదా కెన్‌కిచి, మరికొందరు సహాయకులు గిన్జా వీధికి వెళ్లారు. టోక్యోలో ఫ్యాషన్ అన్నది ఎక్కడైనా ఉంటే అది గిన్జాలోనే ఉండాలి. క్యోబాషి నుంచి షింబాషి దాకా సాగే ఆ వీధిలో, కాగితాలూ పెన్సిళ్లూ పట్టుకొని, వచ్చేపోయేవారి దుస్తులు, తలకట్టు, చెప్పులు, టోపీలు, మగవారి మీసాలు కూడా విడివిడిగా గుర్తులు వేసుకున్నారు. ఎవరినీ ఆపలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే మనిషి తాను ఎలా కనబడాలనుకుంటాడో అది చెబుతాడు, చూస్తే ఎలా ఉన్నాడో అది తెలుస్తుంది.

ఫలితం 'ఫుజిన్ కోరోన్' అనే స్త్రీల మాసపత్రిక ఆ ఏడాది జూలై సంచికలో అచ్చయింది. మగవారిలో నూటికి 67 మంది పాశ్చాత్య దుస్తుల్లో ఉన్నారు. మరి ఆడవారిలో? నూటికి ఒక్కరు. మరొక్కసారి చెబుతాను: గిన్జాలో, పత్రికలన్నీ గగ్గోలు పెడుతున్న ఆ రోజుల్లో, నూటికి ఒక్కరు. తక్కిన 99 మంది జపాన్ సంప్రదాయ వస్త్రమైన కిమోనోలోనే నడిచి వెళ్లారు. స్త్రీలు చదివే పత్రికే ఈ లెక్కను అచ్చువేయడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

అయితే పత్రికలు, దుకాణాలు చేసిన హడావిడి అంతా ఉత్తదేనా? కాదని నా అభిప్రాయం. ఆ 99 మంది కిమోనోల వైపు కాస్త తేరిపార చూడాలి. వారిలో చాలామంది కట్టినది అమ్మమ్మలనాటి పట్టు కాదు, 'మెయిసెన్' అనే చవక పట్టు. ఇసెసాకి, చిచిబు వంటి నేతపట్టణాల్లో దారానికి ముందే రంగులద్ది, కంటికి కొట్టొచ్చే పెద్ద పెద్ద బొమ్మలతో నేసిన ఆ గుడ్డను డిపార్ట్‌మెంట్ స్టోర్లు కొత్త కొత్త నమూనాల్లో పరిచేవి. గుమాస్తా భార్యకూ, టెలిఫోన్ ఆపరేటరుకూ, బడిపంతులమ్మకూ అది అందుబాటులో ఉండేది. పైగా, వెనుక ఆ దుకాణాల్లో గుమ్మం దగ్గరే పాదరక్షలు విడిచి లోపలికి పోవలసి ఉండేది, భూకంపం తరువాత తిరిగి కట్టినప్పుడు ఆ నియమం క్రమంగా పోయింది. కొనే ఉద్దేశం లేకపోయినా లోపలికి వెళ్లి చూసి రావడం అప్పటి నుంచి సులువైంది.

పత్రికల సంగతీ అంతే. 1917లో ఇషికావా తకెయోషి మొదలుపెట్టిన 'షుఫు నో తొమొ' మాసపత్రిక 1930లలో పది లక్షల ప్రతులకు చేరింది. అది అమ్ముడైంది కేవలం ముఖచిత్రం మీది అందగత్తె వల్ల అనుకోలేను. చాలీచాలని జీతంతో ఇల్లు ఎలా గడుపుకొచ్చామో పాఠకురాళ్లు రాసిన ఉత్తరాలు, ఇంటి జమాఖర్చులు, పిల్లల బట్టలు ఇంట్లోనే కుట్టుకొనే పద్ధతులు దానికి ప్రాణం. ఇంటిఖర్చు పుస్తకాన్ని హాని మొతొకో అనే పత్రికారచయిత్రి 1904లోనే అచ్చువేసి అలవాటు చేసింది. గిన్జా లెక్క జరిగిన 1925లోనే, మార్చి 22న, టోక్యోలో రేడియో ప్రసారాలూ ఆరంభమయ్యాయి. ఇంటిపనుల మీద, పిల్లల పెంపకం మీద స్త్రీల కోసం ప్రసంగాలు వచ్చాయి. మైకు ముందు కూర్చున్నందుకు ఆ మాట నాకు కొంచెం గర్వంగానే ఉంది.

కాబట్టి పాత పత్రిక ఏదైనా మీ చేతికి వస్తే ముఖచిత్రం దగ్గర ఆగిపోకండి. వెనక పుటల్లోని కుట్టు నమూనాలు, ఉత్తరాలు, చిన్న ప్రకటనలు ముందు చూడండి. జపాన్ విషయంలో అలా చూస్తే 'అప్పప్పా' అన్న ఒక దుస్తు ఎదురవుతుంది. 1920ల చివర ఒసాకా ప్రాంతం నుంచి వ్యాపించిన వదులైన నూలు గౌను అది. కుట్టడం తేలిక, ఉక్కపోతలో హాయి, కాలికి చెక్కచెప్పులు వేసుకొనే దానితో వీధిలోకి వెళ్లేవారు. ఫ్యాషన్ తెలిసినవారు దానిని చూసి నవ్వారు. కానీ మోగాను ఎన్నడూ అనుకరించని ఎందరో సామాన్య గృహిణులు తమ జీవితంలో మొదటిసారి తొడుక్కున్న పాశ్చాత్య దుస్తు ఆ అప్పప్పాయే.