చికాగో వీడియో చూసి విజయనగరంలో గులాబీ పాతొద్దు

హాయ్ అండీ. ఈ రోజు చికాగో కాదు, విజయనగరంలో మా పిన్ని వాళ్ల మేడ మీద ఉన్నాం. చికాగోలో నేను తీసిన గులాబీల వీడియో చూసి "ఆ గులాబీ ఏటే, ఓ కొమ్మ తెచ్చీయే" అని పిన్ని ఫోన్లో ఒకటే పోరు. కొమ్మ సూట్‌కేసులో రాదు పిన్నీ. ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలి, మొక్కకి తెగులు లేదని సర్టిఫికెట్ కూడా ఉండాలి.

అయినా అక్కడి అమ్మకమే వింత. చలి తగ్గే టైముకి ఆకు లేదు, మట్టి లేదు, కవర్లో వేళ్లున్న మూడు పుల్లలు పెట్టి అమ్ముతారు. 30 డాలర్లు! మన లెక్కలో 2,500 పైమాటే. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, అంటు ముడిని, అంటే వేరే మొక్క వేరు మీద గులాబీని అతికించిన చోటుని, 2 అంగుళాలు మట్టిలోకి దించి పాతుతారు. చలికి ముడి చచ్చిపోకుండా అది దుప్పటి.

ఇక్కడ ఆ దుప్పటి కప్పితే వానకి ముడి కుళ్లిపోద్ది. ఇదిగో, దగ్గరగా చూడండి. లావుగా బుడిపెలా ఉందే, అదే ముడి. మట్టికి అంగుళం పైనే ఉండాలి. అంటుకట్టినప్పటి ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంది, బ్లేడుతో కోసేయండి, లేకపోతే కాండం బిగుసుకుపోద్ది. ముడి కింద నుంచి వచ్చే పిలక గులాబీది కాదు, అడుగున వేరు ఇచ్చిన మొక్కది. మొదలంటా పీకేయాలి. వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటే బకెట్లో నానబెట్టండి, చేత్తో చిదమొద్దు.

ఇక ఏ రకం? హైబ్రిడ్ టీ చూడ్డానికి రాణే, కాడకి ఒకే పెద్ద పువ్వు. కానీ రేకులు కిక్కిరిసిన రకమైతే ముసురుకి పైరేకులు అతుక్కుని, మొగ్గ విచ్చుకోకుండానే గోధుమరంగు తిరుగుతుంది. రేకులు తక్కువున్నది చూసుకోండి. నా ఓటు మాత్రం గుత్తులుగా పూసే ఫ్లోరిబండాకే. 1958లో జర్మనీ కోర్డెస్ వాళ్లు తెచ్చిన ఐస్‌బర్గ్ ఉంది కదా, తెల్లది, ముళ్లు తక్కువ, 12 అంగుళాల కుండీలో బాగానే ఉంటుంది. తీగ గులాబీ మేడ మీద వద్దు. హుద్‌హుద్, తిత్లీ తుఫాన్లు చూసినవాళ్లకి గాలి గురించి నేను చెప్పాలా?

అమెరికాలో రోడ్ల పక్కన కనిపించేది నాకౌట్ అనే గులాబీ రకం, 2000లో మార్కెట్లోకి వచ్చింది. నల్లమచ్చ తెగులుని బాగా తట్టుకుంటుంది, వాడిన రేకులు దానంతటవే రాలిపోతాయి. వాసనే ఉండదు! పూజకైతే మన నాటు గులాబీయే. పుల్ల గుచ్చినా బతుకుతుంది, ముడి గొడవే లేదు. పొద్దున్నే కోయాలి, మధ్యాహ్నానికి రేకులు జారిపోతాయి.

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి పువ్వు కావాలంటే 45 రోజుల ముందు పైపైన కత్తిరించండి. బయటివైపు చూసే కన్నుకి, అంటే చిగురు వచ్చే చోటుకి, పావంగుళం పైన, ఏటవాలుగా. వానల్లో కోసిన చోటు నుంచి కొమ్మ నల్లబడి ఎండిపోద్ది, కాబట్టి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూయండి. పూశాక పిన్నీ, వీడియో కాల్ చెయ్యి. సిరిమాను కూడా చూపించు.