మన రాబందులు ఎటుపోయాయి?

[తెర మీద: అడవి మధ్యలో నిట్టనిలువు రాతిగోడ. దాని మీద తెల్లటి చారలు.]

నమస్తే. గోడ మీద సున్నం కారినట్టు కనిపిస్తున్నది రాబందుల రెట్ట. ఇది కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, బెజ్జూర్ అడవిలోని పాలరాపు గుట్ట. 2013లో ఇక్కడ పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. అప్పటికి మన దగ్గర రాబందు పెద్దవాళ్ల ముచ్చట్లలో తప్ప కనిపించని పక్షి.

మా అమ్మమ్మ వాళ్లది నర్సంపేట వైపు ఒక ఊరు. నా చిన్నప్పుడు అక్కడ బర్రె చచ్చిపోతే బండి మీద తీసుకెళ్లి ఊరవతల బీడులో పడేసేవాళ్లు. కాసేపటికి ఆకాశంలో ఒక చుక్క. తర్వాత నాలుగు, తర్వాత పది. దిగాక రెక్కలు సగం విప్పి, బుసలు కొడుతూ ఒకదాన్నొకటి తోసుకునేవి. మెడ మీద ఈకలు ఉండవు కాబట్టి తలను లోపలిదాకా దూర్చి తినేవి. గంట తిరిగేసరికి ఎముకలే మిగిలేవి. వాసన లేదు, పురుగు లేదు.

[తెర మీద: రెండు రాబందుల బొమ్మలు, పక్కపక్కన.]

ఇట్లాంటి పక్షి ఎట్లా తయారైంది? ఆసిఫాబాద్ వైపు వెళ్తే గోండీ మాట్లాడేవాళ్లు కనిపిస్తారు. మనం రెండు, మూడు, నాలుగు అంటే వాళ్లు రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. ఒకప్పుడు రెంటికీ తల్లి ఒకటే. మనుషులు విడిపోయారు, మాట కొంచెం కొంచెం మారింది, చివరికి ఒకరిది ఒకరికి అర్థం కాని రెండు భాషలయ్యాయి. జాతులు పుట్టే తీరు కూడా చాలావరకు ఇట్లాగే ఉంటుంది. ఒకే జాతి రెండు గుంపులుగా విడిపోతుంది. ప్రతి తరంలో జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు వస్తాయి. ఆ చోటికి పనికొచ్చే మార్పు ఉన్నవి ఎక్కువ పిల్లల్ని కంటాయి. వేల తరాల తర్వాత రెండు గుంపులూ కలిసినా జతకట్టవు. అప్పుడవి రెండు జాతులు.

మన పొడుగుముక్కు రాబందు కొండచరియల మీద గూడు పెడుతుంది. హిమాలయాల కింది మైదానాల్లో ఉండే సన్నముక్కు రాబందు చెట్ల మీద పెడుతుంది. చూడ్డానికి ఎంత దగ్గరగా ఉంటాయంటే, చాలాకాలం రెంటినీ ఒకే జాతి కింద లెక్కేశారు. 2001లో గానీ వేరు చేయలేదు. వేరని తెలిసేసరికే రెండూ చచ్చిపోతున్నాయి. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అడవులు నరకడం, వేట, విషాలు, జాతులు పోవడానికి మన వల్ల వచ్చే కారణాలు చాలానే ఉన్నాయి. మన చీతా వేటవల్ల, చోటు కరవై పోయింది. 1952లో దేశంలో అది లేదని ప్రకటించారు. రాబందును మాత్రం ఎవరూ వేటాడలేదు.

[తెర మీద: మందు సీసా.]

దాన్ని చంపింది డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు. 1990లలో చవకగా దొరికేది. ఎద్దు కుంటినా, ఆవుకు జ్వరం వచ్చినా ప్రేమకొద్దీ ఒక సూది వేయించేవాళ్లు. ఆ పశువు ఒకటి రెండు రోజుల్లో చనిపోతే మందు ఒంట్లోనే ఉండేది. అది తిన్న రాబందుకు కిడ్నీలు పాడై, గుండె మీద, కాలేయం మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుపోయేది. ఇంత నష్టానికి వందలో ఒక్క కళేబరంలో కూడా ఆ మందు ఉండనక్కర్లేదు, అంతకన్నా తక్కువైనా చాలు. ఒక్కదాని మీదికి వచ్చేది గుంపు కదా.

1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు అనే ఇంకో జాతి వెయ్యికి ఒకటి మిగిలాయి. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు వందకు మూడు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెద్దదై జతకట్టడానికి ఐదేళ్లు పడుతుంది. పదిహేనేళ్లంటే దానికి రెండు మూడు తరాలే. ఆ మందును తట్టుకునే శక్తి రావడానికి టైమ్ ఎక్కడిది?

కళేబరాలు కుక్కల పాలయ్యాయి, కుక్కలు పెరిగాయి, నీళ్లు పాడయ్యాయి. రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా వేశారు.

కారణం డైక్లోఫెనాక్ అని 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో తేలింది. మన ప్రభుత్వం 2006లో పశువులకు దాన్ని నిషేధించింది. అయినా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు వాడటం ఆగలేదు. అందుకే 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు తగ్గించారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా పశువులకు వాడొద్దన్నారు. ఎసిక్లోఫెనాక్ ఆవు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. వీటికి బదులు మెలాక్సికమ్ ఉంది. అదీ నొప్పుల మందే, రాబందుకు హాని చేయదు.

మొన్న మా పిన్ని వాళ్ల ఆవుకు పొదుగువాపు వస్తే ఊళ్లో పశువులకు వైద్యం చూసే గోపాలమిత్ర వచ్చాడు. సూది ఎక్కించబోతుంటే, "అన్నా, ఒక్క నిమిషం" అని సీసా అడిగి తీసుకున్నాను. కొట్టంలో చీకటి, అక్షరాలు చిన్నవి. వాకిట్లోకి వచ్చి వెలుతురులో చదివాను. మెలాక్సికమ్ అని ఉంది.