అత్త నోటి మాట

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం తీరం ఊళ్లలో తిరిగే ఆశా కార్యకర్తలకు అడ్డపొగ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అత్తల్ని మీరు ఎందరినో చూశారు. అంగిలి పాడవుతుందని, క్యాన్సర్ రావచ్చని చెప్పీ చెప్పీ అలిసిపోయారు. మొదట్లో నేనూ పుళ్ల ఫొటోలు చూపించి భయపెట్టాను. ఒక అత్త బుద్ధిగా తలూపింది. నేను గుమ్మం దిగేలోపే అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది.

సలహా ఇవ్వడం ఆపి వినమని అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల నుంచీ చెబుతూ వచ్చాడు. మనిషిని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, ఆవిడ వైపు నుంచి చూడాలి, మనం నటించకూడదు. మాట ఎటు పోవాలో ఆవిడ ఇష్టం. మారడానికి కారణాలు మనిషి నోటినుంచే రప్పించే పద్ధతి అయిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌కి కూడా ఈ వినడమే పునాది. తాగుడు సమస్య ఉన్నవాళ్లతో మాట్లాడే తీరు గురించి 1983లో విలియం మిల్లర్ అనే మరో అమెరికా మనస్తత్వవేత్త రాసిన వ్యాసంతో అది మొదలైంది. కాకపోతే ఇందులో మాటను ఎటు నడపాలో కౌన్సెలర్ మనసులో ఒక దిక్కు ఉంటుంది.

అత్త ఇలా అంటుంది: "చుట్ట లేకపోతే పొద్దు గడవదు పాపా. మొన్న మనవరాలు మాత్రం కంపని మొహం తిప్పేసుకుంది." రోజర్స్ దారిలో మాట ఒంటరితనం వైపు మళ్లితే మనమూ అటే వెళతాం. మిల్లర్ దారిలో మనవరాలి దగ్గర ఆగుతాం. "పిల్ల అలా చేస్తే మనసు చివుక్కుమంది కదత్తా?" మానాలన్న కారణం ఆవిడ నోటినుంచే వచ్చింది. దాన్ని ఆవిడకే తిరిగి వినిపిస్తున్నాం.

"మానాలని పదికి ఎంత ఉందత్తా?" అని అడగండి. "మూడు" అంటుంది. "మూడేనా?" అన్నామా, మానలేకపోవడానికి కారణాలు వరస కడతాయి. "సున్నా అనకుండా మూడెందుకన్నావు?" అనండి. అప్పుడు మానడానికి కారణాలు వెతుక్కుంటుంది. ఈ ఒక్క ప్రశ్న నోటికి అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అదే అత్తకి భర్త పోయి నెల కూడా కాలేదనుకోండి. చుట్ట చేత్తో పట్టుకుని ఏడుస్తోంది. ఆరోజు మాత్రం చుట్ట ఊసెత్తకండి. ఏ దిక్కూ పెట్టుకోకుండా పక్కన కూర్చుని వినండి. అక్కడ నాకు రోజర్స్ దారే సరైనదనిపిస్తుంది.

ఇప్పుడు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు అత్త, ఒకరు ఆశా. పది నిమిషాలు మాట్లాడాలి, ఒక్క సలహా కూడా ఇవ్వకూడదు.